సెలవుల్లో ఏం పుస్తకాలు చదవాలి? అందరూ అడిగే ప్రశ్నలు, కడప నుంచి జవాబులు

ఏప్రిల్ మూడో వారం దాటితే చాలు, ఫోన్లో అవే మెసేజీలు. "అక్కా, సెలవుల్లో చదువుకోను మంచి పుస్తకాలేమన్నా చెప్పు." దసరాకూ సంక్రాంతికీ మళ్లీ అదే పాట. ఒక్కొక్కరికీ విడిగా టైపు చేసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేనుండేది కడపలో కాబట్టి ఉదాహరణలు ఈ పక్కవే ఎక్కువగా ఉంటాయి. కర్నూలు, అనంతపురం వాళ్లకూ పెద్ద తేడా ఏమీ ఉండదు, మనందరివీ అవే ఎండలు, అవే రైళ్లు. మీకు కావాల్సిన ప్రశ్నకు నేరుగా పోండి. నా లెక్క ఒక్కటే: పుస్తకం ఎంత గొప్పదో తర్వాత చూసుకుందాం, ముందు ఈ సెలవుల్లో మీరు ఎక్కడ, ఏ వేళ, ఎంతమంది మధ్య కూర్చొని చదవబోతున్నారో చెప్పండి.

## ఎంచుకునేటప్పుడు

సెలవులకు తేలిక పుస్తకాలే చదవాలా? బరువైనవి వద్దా?

అట్లా రూలేమీ లేదు. ఇంటి నిండా చుట్టాలుండి, పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు పేరు పెట్టి పిలుస్తుంటే మాత్రం, ఆపిన చోట మళ్లీ సులువుగా అందుకోగలిగే పుస్తకం కావాలి. వేయిపడగలు దాదాపు వెయ్యి పేజీల నవల. మేలో దాన్ని మొదలుపెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు, బడులు తెరిచేలోపు ముగించినవాళ్లు మాత్రం బాగా తక్కువ. అదే మీరు ఊర్లో అవ్వాతాతల దగ్గర నెల రోజులు పనీపాటా లేకుండా ఉండబోతున్నారనుకోండి, అంత పెద్ద నవలకు అంతకంటే మంచి అదను దొరకదు. అంటే పుస్తకం బరువు కంటే మీ చుట్టూ ఉండబోయే గోల ఎంతో ముందు అంచనా వేసుకోవాలి.

చదవడం మానేసి ఏండ్లయింది. దేంతో మొదలుపెట్టాలి?

చిన్న కథలతో. సత్యం శంకరమంచి అమరావతి కథలు వంద కథలు, ఒక్కోటీ రెండు మూడు పేజీలు, బాపు బొమ్మలతో. టీ చల్లారేలోపు ఒకటి అయిపోతుంది, అయిపోయిందన్న తృప్తే ఇంకోదానికి తోసుకుపోతుంది. నవలే కావాలంటే డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పట్టుకోండి. ఒక ముసలాయన, తప్పిపోయిన పంది, అడవిలో ఒక్క రాత్రి, కథంతా అంతే, పుస్తకం కూడా సన్నంగా ఉంటుంది, ఒక పూటలో ముగించి లేవొచ్చు. ఇంకో దారి, పదిహేనేండ్లప్పుడు మీకు బాగా నచ్చిన పుస్తకమే మళ్లీ చదవడం. అది యండమూరి అయినా, యద్దనపూడి అయినా సిగ్గుపడాల్సిన పని లేదు. చదివే అలవాటు తిరిగి రావడం ముఖ్యం, మీ అభిరుచి ఎంత గొప్పదో ఎవరూ పరీక్ష పెట్టడం లేదు.

నవ్వుకోవడానికి చెప్పండి. ఏడుపు కథలు వద్దే వద్దు.

మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశం. మొదటి భాగం 1924లో వచ్చింది, వందేళ్లు దాటినా నవ్వు పాతబడలేదు. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పాపెట్టకుండా ఇంగ్లండు బయలుదేరిన కుర్రాడి కథ, రైలూ ఓడా తొలిసారి ఎక్కిన మనిషి పడే తంటాలు కాబట్టి ప్రయాణంలో చదివితే ఇంకా బాగుంటుంది. మూడు భాగాలున్నాయి గానీ సెలవులకు మొదటిది చాలు, నచ్చితే మిగతావి చూసుకోవచ్చు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగు గురించి కొత్తగా చెప్పేదేముంది, ఇంట్లో ఒక కాపీ ఉండాలంతే. చిలకమర్తి గణపతి కూడా నవ్విస్తుంది, కాకపోతే భాష పాతది, మొదటి ఇరవై పేజీలు కొంచెం ఓపిక పట్టాలి. నామిని పచ్చనాకు సాక్షిగా చదువుతూ పగలబడి నవ్వుతారు, కానీ ఆ నవ్వు వెనకాల ఆకలీ ఉంటుంది, ఆ మాట ముందే చెబుతున్నా.

మన సీమ పుస్తకాలంటే అన్నీ కరువూ ఫ్యాక్షనేనా?

ఈ ప్రశ్నకు నాకు కొంచెం కోపం వస్తుంది, అయినా జవాబు చెబుతా. కరువు ఉంటుంది, ఎందుకుండదు, వాన లేని ఊర్లో పుట్టిన కథలో వాన కోసం ఎదురుచూపు లేకుండా ఎట్లా ఉంటుంది. కానీ అందులో ఉన్నది అదొక్కటే కాదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం తీసుకోండి. మేత, నీళ్లు లేక గొర్రెల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోయే కాపర్ల కథ. మొదలు కరువే, కానీ నాలుగు అధ్యాయాలు దాటేసరికి మీరు అడవిలో ఉంటారు, చీకట్లో పులి ఎక్కడుందో అని గొర్రెలతో పాటు మీరూ చెవులు రిక్కిస్తారు. 2021లో సినిమాగా కూడా వచ్చింది, సినిమా చూసినవాళ్లు కూడా పుస్తకం చదవొచ్చు, గొర్రెల గురించీ చెట్ల గురించీ పుస్తకంలో ఉన్నంత సినిమాలో పట్టదు.

చరిత్ర ఇష్టమైతే బండి నారాయణస్వామి శప్తభూమి. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, హండే పాలకుల కాలం. 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. తేలిక పుస్తకమేమీ కాదు, మనుషుల్ని మనుషులు ఎట్లా చూశారో చదువుతుంటే కడుపులో తిప్పే చోట్లూ ఉన్నాయి, అయినా కథ ఆగదు. కథలు కావాలంటే కేతు విశ్వనాథరెడ్డి. మన కడప జిల్లా మనిషి, ఆయన కథల సంపుటికి 1996లో అకాడెమీ అవార్డు వచ్చింది. గొంతు పెంచకుండా రాస్తాడు, రోజుకు ఒకటి చొప్పున చదవాల్సిన కథలు. వేంపల్లె షరీఫ్ జుమ్మా చిన్న పుస్తకం, మన ఊర్ల ముస్లిం ఇండ్ల కథలు. పక్కింట్లో ఉండీ మనకు తెలియని సంగతులు అందులో చాలా ఉన్నాయి.

ఇంకో లాభం కూడా ఉంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చినవాళ్లకు, పేజీ తిప్పితే అవ్వ మాట్లాడే మాటే వినిపిస్తుంది.

సస్పెన్స్ కావాలి. పట్టుకుంటే వదలకూడదు.

మధుబాబు షాడో నవలలు, పాతవి ఎక్కడ దొరికినా. యండమూరి తులసిదళం, కాకపోతే రాత్రిపూట మిద్దె మీద ఒక్కరే పడుకొని చదవకండి. పరుగు కావాలి, క్షుద్రం వద్దు అంటే తెన్నేటి సూరి చంఘిజ్ ఖాన్.

రివ్యూలు చూసి కొనొచ్చా? అందరూ "అద్భుతం" అనే రాస్తారు.

అందుకే నేను చూడను. పుస్తకం చేతిలోకి తీసుకొని సరిగ్గా మధ్యలో ఒక పేజీ తెరిచి, నిలబడే ఒక పేజీ మొత్తం చదవండి. మొదటి పేజీ వద్దు, దాన్ని ఏ రచయితైనా చెక్కీ చెక్కీ పెడతాడు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది, మధ్య పేజీ కూడా అంతే. ముందు కథ తెలియకపోయినా, తర్వాతి పేజీకి వేలు దానంతటదే పోయిందా, కొనేయండి. ముందుమాటలు ముగ్గురు నలుగురు రాసిన పుస్తకమైతే అవన్నీ దాటేసి నేరుగా కథలోకి పోండి, వాటిలో సగం కథ చెప్పేసి ఉంటారు.

## పుస్తకం సంపాదించేటప్పుడు

మన దగ్గర షాపుల్లో గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలే ఉంటాయి. నవలలు ఎక్కడ కొనాలి?

నిజమే, బుక్ షాపు అని బోర్డు ఉంటుంది, లోపలికి పోతే డీఎస్సీ, గ్రూప్స్ మెటీరియల్ తప్ప ఇంకోటి కనబడదు. ఆన్‌లైన్లో తెప్పించుకోవడమే సులువు. ప్రచురణ సంస్థలకు ఫోన్ చేస్తే కొరియర్లో పంపేవాళ్లూ ఉన్నారు. సెలవు మొదలయ్యాక ఆర్డర్ పెడితే పుస్తకం వచ్చేసరికి మీరు ఊరెళ్లి ఉంటారు, తాళం వేసిన ఇంటి ముందు కొరియర్ అబ్బాయి నిలబడి మీకు ఫోన్ చేస్తుంటాడు. కనీసం రెండు వారాలు ముందే పెట్టండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పోయేవాళ్లుంటే ఎండాకాలం పుస్తకాలు కూడా అప్పుడే తెచ్చుకోండి, అక్కడ చేత్తో పట్టుకొని చూసి కొనే వీలుంటుంది.

లైబ్రరీకి పోతే ఏమన్నా దొరుకుతుందా? అంతా పరీక్షలకు చదివే పిల్లలే కదా.

వాళ్లు కూర్చునేది రీడింగ్ రూములో, మీకు కావాల్సింది నవలల బీరువా, దాని దగ్గర జనం ఉండరు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది, కాబట్టి ఆ బీరువాకు మీరు ఎప్పుడో డబ్బు కట్టేశారు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కొంత డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికి ఇస్తారు, ఆధార్ జిరాక్స్, ఫొటో వెంట తీసుకుపోండి.

అక్కడ ఎంచుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. వెనక అట్ట లోపలి వైపు తేదీలు ముద్రవేసే చీటీ అతికించి ఉంటుంది, దాన్ని చూడండి. పాత చీటీ నిండిపోయి దాని మీద ఇంకో చీటీ, అదీ నిండబోతూ, మూలలు మడతలు పడి, నీలం సిరా ముద్రలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే ఆ పుస్తకాన్ని ఊరు ఊరంతా చదివిందని అర్థం. ఏ అవార్డు కంటే నాకు ఆ చీటీ మీదే నమ్మకం ఎక్కువ. కొత్తగా మెరుస్తూ ఒక్క ముద్ర కూడా లేనివి కొనుగోళ్ల లెక్క కోసం వచ్చినవి కావొచ్చు, లేదా మీ కోసమే ఎదురుచూస్తున్న మంచి పుస్తకం కావొచ్చు, అది మధ్య పేజీ చదివి తేల్చుకోవాలి.

కడప వాళ్లకైతే ఎర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రం ఉంది. అది తాళపత్రాలు, పాత పుస్తకాలతో పరిశోధన చేసేవాళ్ల చోటు, సెలవు నవలల కోసం పోవాల్సింది కాదు. కానీ ఒక పూట పిల్లల్ని తీసుకుపోయి చూపించొచ్చు. వేమన పద్యాలు సేకరించి అచ్చు వేయించిన దొర మన ఊర్లో ఉండి పని చేశాడని చెబితే కండ్లు పెద్దవి చేసుకొని వింటారు.

పీడీఎఫ్ ఉంటే పంపు అక్కా!

పంపను. తెలుగు పుస్తకం మామూలుగా ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, చాలాసార్లు రచయితే చేతి డబ్బు పెట్టుకొని. ఆ వెయ్యీ అమ్ముడుపోకుండా ఇంట్లో అటక మీద ఉంటే, దాని పీడీఎఫ్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఉచితంగా, న్యాయంగా దొరికేవీ బోలెడు ఉన్నాయి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. 1915లో పోయిన గురజాడ, 1946లో పోయిన చిలకమర్తి రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రివీ అంతే. శ్రీపాద కథలైతే ఎవరో ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నట్టే ఉంటాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఇలాంటివి స్కాన్ చేసి పెట్టారు. పాత కథలకు శ్రీకాకుళం కథానిలయం వాళ్ల వెబ్‌సైట్ చూడండి.

## బ్యాగు సర్దేటప్పుడు

ఎన్ని పుస్తకాలు పెట్టుకోవాలి?

మీరు అనుకున్నదాంట్లో సగం. వారం ట్రిప్పుకు రెండు చాలు, ఒకటి కథలు, ఒకటి నవల. రెండూ ఒకే రకం పెట్టుకుంటే, ఆ మూడ్ లేని రోజు రెండూ పనికిరావు.

బస్సులో చదివితే తల తిరుగుతుంది. ఏం చేయాలి?

చదవొద్దు. కన్ను కదలని అక్షరాన్ని చూస్తుంటుంది, లోపలి చెవికేమో బస్సు ఊపు తెలుస్తుంటుంది, ఈ రెండిటికీ పొత్తు కుదరకే ఆ తిప్పుడు. రాయచోటి పక్క పోతూ గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో పుస్తకం తెరిచే ధైర్యం నాకైతే లేదు. అక్కడ బస్సు ఆగితే దిగి పాలకోవా కొనుక్కోవడమే సరైన పని. కథ లేకుండా ఉండలేమంటే వినండి, దాసుభాషితం లాంటి యాప్‌లలో తెలుగు పుస్తకాలు ఆడియోగా ఉన్నాయి, సిగ్నల్ ఉండగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

రైలైతే బాధ లేదు. కానీ వెంకటాద్రిలాంటి రాత్రి రైల్లో పదింటికల్లా లైట్లు ఆర్పమంటారు, అందుకని అక్కడికి పెద్ద నవల మోసుకుపోకండి, నాలుగు కథలు చదివేలోపు నిద్ర టైమ్ అవుతుంది.

ఎండకు పుస్తకాలు పాడవుతాయా?

పాడవుతాయి. ఇప్పుడొచ్చే పుస్తకాలు చాలావరకు కుట్టినవి కావు, జిగురుతో అతికించినవి. కొనేటప్పుడే తెరిచి వెన్ను వైపు చూస్తే తెలుస్తుంది: కాగితాలు చిన్న చిన్న కట్టలుగా, మధ్యలో దారం కనబడుతుంటే కుట్టినది, దువ్వినట్టు సమంగా జిగురులో దిగి ఉంటే అతికించినది. అతికించిన దాన్ని మే మధ్యాహ్నం కారు అద్దం కింద పెట్టి గుడికిపోయి వచ్చారంటే, జిగురు మెత్తబడి, మళ్లీ గట్టిపడి, మీరు తెరవగానే నలభయ్యో పేజీ దగ్గర టప్పుమని విడిపోతుంది. సీటు కింద పెట్టండి, లేదా సంచీలో టవల్ మడతల్లో. నీళ్ల సీసా ఉన్న అరలో మాత్రం పెట్టకండి.

## చదివేటప్పుడు

మధ్యాహ్నం పుస్తకం పట్టుకుంటే నిద్రొచ్చేస్తుంది.

రానివ్వండి, సెలవులే కదా. సంగటి తిని పడుకొని చదివితే ఎవరికైనా అంతే. చదవాలనే ఉంటే పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా మిద్దె మీద కూర్చోండి, మన ఊర్లలో ఎండాకాలం గాలి తగిలే సమయం అదొక్కటే, ఫోన్లు కూడా అప్పటికింకా మొదలవ్వవు.

నచ్చకపోతే మధ్యలో వదిలేయొచ్చా? డబ్బులు పెట్టి కొన్నాం కదా.

వదిలేయండి. డబ్బు ఎటూ పోయింది, దాని వెంట సెలవు కూడా పోవాలా? యాభై పేజీలు చదివాక కూడా ఏ పాత్రకు ఏమవుతుందో అన్న ఆత్రం పుట్టకపోతే నేను పక్కన పెట్టేస్తా. అందరూ గొప్పదని చెప్పిందైనా సరే. ఐదేండ్ల తర్వాత అదే పుస్తకం వదలబుద్ధి కాకపోవచ్చు, కాబట్టి పాత పేపర్లవాడికి మాత్రం వేయకండి.

అత్తగారింట్లో పుస్తకం పట్టుకొని కూర్చుంటే ఏమనుకుంటారో అని టెన్షన్.

ఈ ప్రశ్న అడిగేది అందరూ ఆడవాళ్లే, అల్లుళ్లు ఎవరూ ఇంతవరకు అడగలేదు. చాలామందికి పనిచేసిన ఉపాయం, పైకి చదవడం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక బుడుగో, అమరావతి కథలో ఒకటి తీసి "అత్తమ్మా, ఇది వినండి, భలే ఉంది" అని రెండు పేజీలు వినిపించండి. కండ్లు కనబడక చదవడం మానేసిన పెద్దవాళ్లు చాలామంది, ఒకప్పుడు వారపత్రికల సీరియళ్ల కోసం కాచుకొని కూర్చున్నవాళ్లే. మరుసటి రోజు వాళ్లే "నిన్నటిది ఏమైంది" అని అడిగితే ఇంక మీ పుస్తకానికి ఎవరూ అడ్డు రారు. అడగకపోతే, చింతపండు గింజలు తీస్తూ ఇయర్‌ఫోన్లో వినడం ఒక్కటే దారి.

## పిల్లల విషయం

మా వాడు ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కొని చదువుతాడు. ఎట్లా?

వాడి వయసుకు తగ్గ తెలుగు పుస్తకం ఇవ్వకండి, వాడి చదివే వేగానికి తగ్గది ఇవ్వండి. ఎనిమిదో తరగతి పిల్లాడైనా సరే, పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగు వాక్యాలు, బొమ్మలు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు అలాంటివి చాలా వేశారు, ధరలూ తక్కువే. "చిన్నపిల్లల పుస్తకం" అని వాడు మొహం తిప్పుకుంటే, చెల్లెలికి చదివి వినిపించమని పని అప్పజెప్పండి. పాత చందమామలు కూడా బాగా పనికొస్తాయి, 1947 జూలైలో మొదలైన పత్రిక కదా, దశాబ్దాల సంచికలు ఆన్‌లైన్లో స్కాన్లుగా దొరుకుతాయి. బేతాళ కథను ప్రశ్న దగ్గర ఆపి జవాబు వాడినే చెప్పమనండి. కొంచెం పెద్దయి బాగా చదవగలిగితే రైలుబడి, జపాన్‌లో రైలు పెట్టెల్లో నడిచిన నిజమైన బడి కథ. చదివాక మా బడి ఎందుకు అట్లా లేదని అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

పాప పదో తరగతికి వస్తోంది. సెలవుల్లో చదువుకు కూడా పనికొచ్చే పుస్తకం చెప్పండి.

చెప్పను. ఎట్లాగూ సమ్మర్ క్లాసులు పెట్టేశారు, కనీసం పుస్తకం ఒక్కటైనా మార్కులకు పనికిరానిది చదవనివ్వండి. పాపను షాపుకో లైబ్రరీకో తీసుకుపోయి, తనే ఏరుకునేదాకా మీరు బయట నిలబడండి. దయ్యాల నవల పట్టుకొచ్చినా ఏమీ అనకండి.

## సెలవులు అయిపోయాక

చదివినవి వారానికే మర్చిపోతున్నా.

మర్చిపోతే ఏమైంది, పరీక్ష రాయాలా? గుర్తుండాలనే ఉంటే చదివిన రోజే ఎవరికైనా కథ చెప్పండి, టీ తాగుతూ, మీ మాటల్లో. అట్లా చెప్పిన కథ మర్చిపోవడం కష్టం. నోట్సు రాయడం మొదలుపెడితే మాత్రం సెలవు కాస్తా హోంవర్కు అవుతుంది.

సగంలో మిగిలిపోయింది. డ్యూటీలో పడ్డాక కుదరడం లేదు.

కథల పుస్తకమైతే ఇబ్బంది లేదు, ఆదివారానికి ఒకటి. నవలైతే ఎక్కడ ఆపారో అక్కడ ఒక చీటీ పెట్టి, దాని మీద ఎవరు ఎవరికి ఏమవుతారో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. దసరాకు మళ్లీ తెరిచినప్పుడు మొదటినుంచి చదివే పని తప్పుతుంది.

చుట్టాలింట్లో తెచ్చుకున్న పుస్తకం తిరిగి ఇవ్వడం కుదరలేదు. వాళ్లూ అడగలేదు.

అడగరు, మొహమాటం. కానీ బీరువాలో ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా మీ పేరు తలుచుకుంటూనే ఉంటారు. లోపలి పేజీలో వాళ్ల పేరుందేమో చూసి, ఆ ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపండి. నా దగ్గరనుంచి తీసుకుపోయిన కొండపొలం ఎవరి దగ్గరుందో వాళ్లు కూడా ఇది చదువుతున్నారని ఆశ.